ఏజెన్సీ కాంట్రాక్టులు – ఆన్‌లైన్ బిల్లులు

మండపేట అనగానే గోదావరి డెల్టా వారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునవి వరిచేలు, బియ్యపు మిల్లులు. సరకు అప్పగించుటకును సొమ్ము పుచ్చుకొనుటకును నడుమ ఏమేమి జరుగునో ఈ పట్టణము వారికి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ధాన్యమును మిల్లుకు తోలిన రైతు కాటా వేయించి, చీటీ చేత పుచ్చుకొననిదే ఇంటికి మరలడు. ఆ చీటీ మీద తేదీ ఉండును, తూకము ఉండును. సొమ్ము పది దినములు ఆలస్యమైనను, ఫలానా నాడు ఇంత ధాన్యము ముట్టినదని చూపుటకు అతని చేతిలో ఆధారము నిలిచియుండును.

ఇట్టి పట్టణములలో నేడు మరియొక తరహా సరకు తయారగుచున్నది. దానికి బస్తా లేదు, కాటా లేదు, బండి లేదు. ఇంటిలో కూర్చుండి అనువాదములు చేయువారు, చలనచిత్రములకు ఉపశీర్షికలు వ్రాయువారు, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు, ఇండ్ల నమూనాలు గీయువారు, వర్తకుల లెక్కలు సరిచూచువారు తమ పనిని ఇంటర్నెట్టు ద్వారా హైదరాబాదుకో, బెంగుళూరుకో, విదేశములకో పంపుచున్నారు. వీరు ఎవరికిని ఉద్యోగులు కారు. నెల జీతము, సెలవులు, ప్రావిడెంటు ఫండు వీరికి లేవు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఒప్పందము, ఒక్కొక్క ఒప్పందమునకు ఒక్కొక్క బిల్లు. వీరినే ఫ్రీలాన్సర్లు అందురు. స్వతంత్ర కాంట్రాక్టర్లనిన మన భాషలో సరిపోవును.

వీరికి పని ఇచ్చునది పెక్కుసార్లు ఏజెన్సీ. ఆ ఏజెన్సీకి పని ఇచ్చునది ఒక పెద్ద కంపెనీ. పని క్రింది నుండి పైకి పోవును, సొమ్ము పై నుండి క్రిందికి రావలెను. ఈ రాకపోకలు జరుగుటకు నేడు ఆన్‌లైన్ పోర్టలులు ఏర్పడినవి. కాగితపు బిల్లు తపాలాలో పంపు కాలము చాలవరకు గతించినది. పోర్టలులో బిల్లు ఎక్కినగాని లెక్కల శాఖ వారు దాని మొగము చూడరు. "మీ బిల్లు పోర్టలులో కనబడుట లేదు, కనుక సొమ్ము ఇంకను బాకీ పడలేదు" అను జవాబు ఈ వృత్తిలోని వారు వినుచుందురు. ఈ మాట ఎంతవరకు నిజము? చట్టము దీనికి ఏమి చెప్పుచున్నది? పనివాడు తన వంతుగా ఏ ఏర్పాట్లు చేసికొనవలెను? ఈ ప్రసంగములో విచారింపదలచినది ఇదియే.

ముందుగా పోర్టలు నడచు తీరు చూతము. పోర్టలు కొనువాని సొత్తు. దానిని అతడు తన లెక్కల సౌకర్యము కొరకు పెట్టుకొనును. 1996లో అమెరికాలో స్థాపింపబడి, 2012లో జర్మనీ దేశపు సాప్ సంస్థ చేతిలోనికి వచ్చిన అరిబా ఇట్టి వానిలో పేరు గలది. ఇంకను అనేకములు కలవు. పేరు ఏదైనను మెట్లు దాదాపు ఒక్కటే. మొదట పనివాడు తన పేరు, పాన్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరములు ఇచ్చి నమోదు కావలెను. రెండవది, కొనువాడు కొనుగోలు ఉత్తర్వు జారీ చేయవలెను. దీనినే పర్చేజ్ ఆర్డరు, పొట్టిగా పీఓ అందురు. మూడవది, చేసిన పని ఇంత అని ఒక నమోదు జరిగి, పై అధికారి దానిని ఆమోదింపవలెను. గంటల లెక్కన పని చేయువారికి ఇదే టైమ్ షీటు. నాల్గవది, ఆ ఉత్తర్వు సంఖ్య మీద బిల్లు ఎక్కించవలెను. చివరకు లెక్కల శాఖ వారు ఆమోదించి, వారమునకో నెలకో ఒకసారి జరిగెడి చెల్లింపులలో దానిని చేర్చుదురు.

కాలువ పనులు, రోడ్డు పనులు చేయించిన కాంట్రాక్టర్లకు ఈ క్రమము క్రొత్తగా తోచదు. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలలో కొలతల పుస్తకము ఒకటి కలదు, వాడుకలో ఎం-బుక్ అందురు. ఇంజనీరు పనిని కొలిచి ఆ పుస్తకములో వ్రాసినగాని బిల్లు తయారు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో సీఎఫ్‌ఎంఎస్ అను ఆర్థిక నిర్వహణ విధానమును ప్రవేశపెట్టిన పిమ్మట ఈ బిల్లులు సయితము ఆన్‌లైన్ వరుసలోనికి చేరినవి. రెండు చోట్లను సూత్రము ఒక్కటియే. పని చేయుట ఒకరి వంతు, పని జరిగినదని వ్రాయుట మరియొకరి వంతు. ఆ రెండవవారు ఆలస్యము చేసినచో మొదటివాని సొమ్ము నిలిచిపోవును. అయితే పెద్ద కాంట్రాక్టరునకు గుమాస్తాలు ఉందురు, న్యాయవాదులు ఉందురు. ఇంట కూర్చుండి ఒంటరిగా పని చేయువానికి ఆ నెల అద్దె, పిల్లల ఫీజులు ఆ ఒక్క బిల్లు మీదనే ఆధారపడియుండును.

ఒక ఉదాహరణ తీసికొందము. మండపేటలో ఇంట నుండి పని చేయు అనువాదకుడు ఒకడు హైదరాబాదు ఏజెన్సీకి 40,000 రూపాయల పని ఒప్పుకొన్నాడనుకొనుడు. జూన్ 5వ తేదీన పని ముగించి ఈ-మెయిల్ ద్వారా పంపినాడు. ఏజెన్సీ వారు ఏ లోపమును చూపలేదు. కాని పోర్టలులో కొనుగోలు ఉత్తర్వు జూలై 10వ తేదీ వరకు తెరవలేదు. ఆనాడే బిల్లు ఎక్కినది. ఒప్పందములో "బిల్లు పోర్టలులో ఎక్కిన 60 దినములలో చెల్లింపు" అని ఉన్నది. పోర్టలు లెక్క ప్రకారము గడువు సెప్టెంబరు 8వ తేదీ అగును. అనగా పని ముట్టిన మూడు నెలలకు సొమ్ము. తెర మీద చూచిన ఏజెన్సీ ఒక్క దినమైనను ఆలస్యము చేయనట్లే కనబడును.

చట్టపు లెక్క ఇట్లు లేదు. 2006లో పార్లమెంటు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టమును చేసినది. చిన్నవారికి రావలసిన సొమ్ము పెద్దవారి చేతిలో ఆగిపోకుండ ఈ చట్టములోని 15వ సెక్షను మొదలుకొని కొన్ని నియమములు ఏర్పరుపబడినవి. వ్రాతపూర్వకముగా గడువు పెట్టుకొన్నచో ఆ గడువులోగా చెల్లింపవలెను. కాని ఆ గడువు, పనిని అంగీకరించిన నాటి నుండి 45 దినములను ఏ పరిస్థితిలోను మించరాదు. వ్రాతలో గడువు ఏమియు లేనిచో 15 దినములు మాత్రమే.

అంగీకరించిన నాడు అనగా ఏది? ఇక్కడనే పనివానికి మేలు చేయు మాట ఉన్నది. పనిని అప్పగించిన నాడే అంగీకరించిన నాడు. పుచ్చుకొన్నవాడు 15 దినములలోగా వ్రాతమూలకముగా ఆక్షేపణ తెలిపినచో, ఆ లోపము సవరించిన నాడు అంగీకరించిన నాడగును. 15 దినములు మౌనముగా ఉన్నచో పనిని అంగీకరించినట్లే భావింపవలెనని చట్టము చెప్పుచున్నది. కొనుగోలు ఉత్తర్వు ఎప్పుడు తెరచినారు, బిల్లు ఏ నాడు ఎక్కినది, ఏ అధికారి ఎప్పుడు మీట నొక్కినాడు అను విషయములతో ఈ లెక్కకు సంబంధము లేదు.

మన ఉదాహరణకు దీనిని అన్వయింతము. పని అప్పగించినది జూన్ 5. ఆక్షేపణ లేదు. 45 దినములకు జూలై 20వ తేదీ అగును. చట్టము ప్రకారము అదియే కడపటి గడువు. పోర్టలు చూపు తేదీకి, చట్టపు తేదీకి 50 దినముల అంతరము. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెలనెలకు అసలులో చేరుచు, కొనువాడు ఇచ్చుకొనవలెనని 16వ సెక్షను శాసించుచున్నది. బ్యాంకు రేటు సాలీనా 6 శాతము అనుకొన్నచో మూడింతలు 18 శాతము, నెలకు ఒకటిన్నర శాతము. 40,000 రూపాయల మీద మొదటి నెలకు 600 రూపాయలు, రెండవ నెలకు 609 రూపాయలు వడ్డీ అగును. మొత్తము చిన్నదే కావచ్చును. కాని ఆలస్యమునకు వెల ఉన్నదని తెలిసిన కొనువాడు తొందరపడును.

ఇంకొక ఒత్తిడి ఆదాయపు పన్ను వైపు నుండి వచ్చినది. సూక్ష్మ, చిన్న సంస్థలకు పై గడువులోగా చెల్లింపని మొత్తమును, నిజముగా చెల్లించిన సంవత్సరములోనే ఖర్చు క్రింద చూపుకొనవలెనని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 43బి సెక్షనుకు చేర్చిన నియమము 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. మార్చి నెలాఖరున బాకీ ఉంచుకొన్న కంపెనీ ఆ మేరకు ఎక్కువ పన్ను కట్టవలసి వచ్చుటచే, వాని లెక్కల శాఖ వారే చిన్నవారి బిల్లులను వెదకుకొనుట ప్రారంభించినారు.

అయితే ఈ రక్షణ అందరికిని తనంత తానుగా లభింపదు. పనివాడు సూక్ష్మ సంస్థగా నమోదు కావలెను. సంస్థ అనగా కర్మాగారమే కానక్కరలేదు. సేవలు చేయు ఒంటరి మనిషి కూడ సంస్థయే. 2025 ఏప్రిల్ 1 నుండి అమలైన కొలత ప్రకారము పరికరములపై పెట్టుబడి రెండున్నర కోట్ల రూపాయలు, సాలీనా రాబడి 10 కోట్ల రూపాయలు దాటని సంస్థ సూక్ష్మ సంస్థ. ఇంటి నుండి పని చేయువారు దాదాపు అందరును ఇందులోనికి వత్తురు. ఈ నమోదునకు ఉద్యమ్ అని పేరు. ఇది 2020 జూలై 1 నుండి జరుగుచున్నది. ప్రభుత్వ పోర్టలులో ఆధారు సంఖ్యతో ఎవరికి వారే చేసికొనవచ్చును. రుసుము లేదు. రుసుము అడుగు ప్రైవేటు వెబ్‌సైట్లు కలవు, అవి ప్రభుత్వమువి కావు. ఈ నమోదు పని ఒప్పుకొనుటకు ముందే జరిగియుండుట శ్రేయస్కరము. వివాదము పుట్టిన తరువాత చేసికొన్న నమోదు మీద న్యాయస్థానములలో పెక్కు వాదములు జరిగినవి. ఉద్యమ్ సంఖ్యను ప్రతి బిల్లు మీదను ముద్రించుకొనవలెను. కొనువాడు "మీరు సూక్ష్మ సంస్థ అని మాకు తెలియదు" అనుటకు అప్పుడు వీలుండదు.

ఇక ఒప్పందము మాట. నేడు ఏజెన్సీ కాంట్రాక్టులు తెర మీద వచ్చును. క్రింద "అంగీకరించుచున్నాను" అను మీట ఉండును. దానిని నొక్కుటయు సంతకము వంటిదే. ఎలక్ట్రానిక్ విధానమున కుదిరినదన్న ఒక్క కారణముచే ఒప్పందము చెల్లకుండ పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 10ఎ సెక్షను చెప్పుచున్నది. కనుక మీట నొక్కుటకు ముందు ఆ పుటలను తుదివరకు చదివి, ఒక ప్రతిని తన వద్ద భద్రపరచుకొనవలెను. పోర్టలులో ఉన్నది కదా అని ఊరకుండరాదు. కాంట్రాక్టు ముగిసిన మరునాడు ఏజెన్సీ వారు ప్రవేశము మూసివేసినచో ఒప్పందము, ఉత్తర్వులు, ఆమోదములు అన్నియు ఆ తలుపు వెనుకనే ఉండిపోవును.

చదువునప్పుడు ముఖ్యముగా చూడవలసిన షరతులు నాలుగు. మొదటిది, గడువు ఎప్పటి నుండి లెక్కింపబడును అనునది. "పని అప్పగించిన నాటి నుండి" అని ఉన్నచో మేలు. "పోర్టలులో ఆమోదము పొందిన నాటి నుండి" అని ఉన్నచో, ఉత్తర్వు తెరచుటకు ఏజెన్సీకి కూడ ఒక గడువు వ్రాయుమని అడుగవలెను. రెండవది, "మా ఖాతాదారు మాకు చెల్లించిన తరువాతనే మీకు చెల్లింతుము" అను షరతు. కొనువాని కష్టమును పనివాని నెత్తిన పెట్టుటయే దీని అర్థము. నమోదైన సూక్ష్మ సంస్థ విషయములో ఇట్టి షరతు ఉన్నను 45 దినముల హద్దు తొలగదు. ఈ చట్టపు నియమములు దీనికి విరుద్ధమైన ఇతర శాసనములను మించి చెల్లునని 24వ సెక్షనులో కలదు.

మూడవది, సవరణల షరతు. ఎన్ని మారులు, ఎన్ని దినములలోగా సవరణ కోరవచ్చునో వ్రాసియుండవలెను. హద్దు లేని సవరణ అనగా ముగియని పని, ముగియని పని అనగా రాని సొమ్ము. నాల్గవది, హక్కుల బదిలీ. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఉద్యోగి కాని రచయిత తన రచనకు సాధారణముగా తానే తొలి హక్కుదారు. వ్రాతమూలకముగా బదిలీ చేసినగాని ఆ హక్కు ఇతరులకు పోదు. ఏజెన్సీ వారు ఆ బదిలీని కోరుదురు, కోరుట సహజము. "పూర్తి ప్రతిఫలము ముట్టిన పిమ్మట హక్కు బదిలీ యగును" అని ఒక్క వాక్యము చేర్పించుకొన్నచో పనివాని చేతిలో కొంత బలము మిగిలియుండును.

బిల్లు వ్రాయుటలో చూపవలసిన శ్రద్ధ తక్కువది కాదు. పోర్టలు త్రిప్పి పంపు బిల్లులలో అనేకము చిన్న కారణములచే తిరిగి వచ్చును. ఉత్తర్వు సంఖ్యలో ఒక అంకె తప్పుట, ఉత్తర్వు తేదీకి ముందటి తేదీ వేయుట, పాన్ కార్డులోని పేరునకు బ్యాంకు ఖాతాలోని పేరునకు తేడా ఉండుట, పైసల దగ్గర మొత్తము కలియకపోవుట ఇట్టివి. త్రిప్పి పంపినట్లు ఈ-మెయిల్ రాకపోవచ్చును. కనుక బిల్లు ఎక్కించిన పిమ్మట వారమునకు ఒకమారైనను పోర్టలు తెరచి దాని స్థితి చూచుకొనవలెను.

సేవల వలన సాలీనా రాబడి 20 లక్షల రూపాయలు దాటినవారు జీఎస్టీ నమోదు చేసికొనవలెను. నమోదైనవారు సేవ ముగించిన 30 దినములలోగా బిల్లు జారీ చేయవలెనని నియమము. బిల్లు సంఖ్య 16 అక్షరములను మించరాదు, ఆ ఆర్థిక సంవత్సరములో మరల రారాదు. పోర్టలు తెరచుకొనలేదని ఈ 30 దినములు ఆగవు. కనుక తన సొంత బిల్లును సకాలములో వ్రాసి ఈ-మెయిల్ ద్వారా పంపి, ఉత్తర్వు తెరచిన వెంటనే అదే సంఖ్యతో, అదే తేదీతో పోర్టలులో ఎక్కించుట మంచి పద్ధతి. పోర్టలు ఆ తేదీని ఒప్పుకొననిచో ఆ సంగతిని ఈ-మెయిల్‌లో ఏజెన్సీకి తెలిపి, వారి జవాబును దాచుకొనవలెను. నమోదు గలవానికి ఇంకొక చిక్కు కలదు. సొమ్ము చేతికి రాకున్నను బిల్లును బట్టి పన్ను కట్టవలసి వచ్చును. ఆలస్యము చేయు ఏజెన్సీకి పని చేయుట అనగా తన జేబులో నుండి ముందుగా పన్ను కట్టుటయే.

మరియొక సందేహము పెక్కుమందికి కలుగును. లక్ష రూపాయల బిల్లు ఎక్కించినచో ఖాతాలో 90,000 పడినది, తక్కిన 10,000 ఏమైనవి? అది మూలమున మినహాయించిన ఆదాయపు పన్ను. వృత్తి సేవలకు 1961 చట్టపు 194జె సెక్షను ఏర్పరచిన రేటు 10 శాతము. సాంకేతిక సేవలకు 2 శాతము. సాధారణ కాంట్రాక్టు పనులకు పుచ్చుకొనువాడు వ్యక్తి అయినచో 194సి సెక్షను క్రింద 1 శాతము. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 2025లో చేసిన క్రొత్త చట్టములో సెక్షన్ల సంఖ్యలు మారినవి. కోసిన సొమ్ము పోయినది కాదు. ఏజెన్సీ దానిని పనివాని పాన్ సంఖ్య పేర ప్రభుత్వమునకు జమ కట్టవలెను. జమ అయినదో లేదో ఆదాయపు పన్ను శాఖ పోర్టలులో చూచుకొని, సంవత్సరాంతపు రిటర్నులో లెక్కకు తెచ్చుకొనవచ్చును. జమ కనబడనిచో వెంటనే అడుగవలెను. రిటర్ను గడువు దగ్గరపడిన పిమ్మట అడిగిన ప్రయోజనము తక్కువ.

విదేశపు ఏజెన్సీల సంగతి వేరు. మన 2006 చట్టపు మండలి భారతదేశములోని కొనువానిని పిలువగలదు గాని, విదేశమున ఉన్నవానిని పిలువజాలదు. కావున అక్కడ చట్టము కంటె ముందుచూపే రక్ష. పెద్ద పనిని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సొమ్ము ముట్టిన తరువాతనే తరువాతి ముక్క చేపట్టవలెను. ఎలాన్స్, ఓడెస్క్ అను రెండు సంస్థల కలయిక నుండి పుట్టి 2015లో పేరు మార్చుకొన్న అప్‌వర్క్ వంటి చోట్ల, నిర్ణీత మొత్తపు పనులకు కొనువాడు సొమ్మును ముందుగా మధ్యవర్తి ఖాతాలో ఉంచు ఏర్పాటు కలదు. పని సమర్పించిన పిమ్మట కొనువాడు 14 దినములు మౌనముగా ఉన్నచో సొమ్ము పనివానికి విడుదల యగును. అయితే చెల్లింపు కొరకు పని సమర్పించు మీటను పనివాడు నొక్కి యుండవలెను. ఉత్త సందేశములో పని పంపినచో ఆ 14 దినముల లెక్క మొదలు కాదు. కావున తన దాఖలాలు ఉంచుకొనుట ఎంత అవసరమో, పోర్టలు కోరిన మెట్టును తప్పక ఎక్కుటయు అంతే అవసరము. విదేశీ సొమ్ము వచ్చినట్లు బ్యాంకు ఇచ్చు పత్రములను కూడ భద్రపరచవలెను. జీఎస్టీ నమోదు గలవారికి సేవల ఎగుమతిని నిరూపించుకొనుటకు అవి ఆధారములు.

ఏజెన్సీల పేరున జరుగు మోసములను గురించి ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇంట కూర్చుండి టైపు చేసినచో వేల రూపాయలని ప్రకటించి, ఆన్‌లైన్ ఒప్పందము మీద మీట నొక్కించి, వారము తిరుగకముందే "పనిలో తప్పులు ఉన్నవి, ఒప్పందము ప్రకారము జరిమానా కట్టుము" అని వకీలు నోటీసు వంటి కాగితము పంపువారు కలరు. నమోదు రుసుము, శిక్షణ రుసుము, పూచీ సొమ్ము అని ముందుగా అడుగువారును కలరు. పని ఇచ్చువాడు సొమ్ము ఇవ్వవలెను గాని అడుగరాదు. ఇది గీటురాయి. అట్టి నోటీసునకు బెదరి సొమ్ము పంపరాదు. సొమ్ము పోయినచో ఆలస్యము లేకుండ 1930 సంఖ్యకు ఫోను చేసి సైబరు నేరముల విభాగమునకు తెలుపవలెను. ఇంటిలోని పెద్దలు ఈ సంగతిని పిల్లలకు చెప్పియుంచుట మంచిది. సిగ్గుపడి దాచుటచేతనే నష్టము పెరుగును.

ఇక సొమ్ము నిజముగా ఆగిపోయినచో ఏమి చేయవలెను? మొదట మర్యాదగా ఒక జాబు. అందులో పని అప్పగించిన తేదీ, బిల్లు సంఖ్య, మొత్తము, చట్టపు గడువు తేదీ, ఉద్యమ్ సంఖ్య ఉండవలెను. కోపము ఉండనక్కరలేదు. పెక్కు ఆలస్యములు దురుద్దేశముతో కాక నిర్లక్ష్యముతో జరుగును. పని తెలిసిన జాబు లెక్కల శాఖ బల్ల మీద పడినంతనే అట్టివి తీరిపోవును. తీరనిచో 18వ సెక్షను క్రింద సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ మండలిని ఆశ్రయింపవచ్చును. ఇట్టి ఫిర్యాదుల కొరకు కేంద్ర ప్రభుత్వము 2017లో సమాధాన్ అను పోర్టలును, 2025లో వివాదముల ఆన్‌లైన్ పరిష్కారమునకు ఓడీఆర్ అను పోర్టలును ప్రారంభించినది. మండలి మొదట రాజీకి ప్రయత్నించును. కుదరనిచో మధ్యవర్తి తీర్పునకు పోవును. విచారణను 90 దినములలో ముగింపవలెనని చట్టములో ఉన్నది. ఆచరణలో అంతకు మించిన కాలము పట్టుటయు కలదు. తీర్పును త్రోసివేయుమని కోర్టుకు పోవు కొనువాడు తీర్పు మొత్తములో 75 శాతము ముందుగా జమ కట్టవలెను.

ఇందులో చిన్న పట్టణము వారికి మిక్కిలి ఉపకరించు మాట ఒకటి కలదు. కొనువాడు భారతదేశములో ఎక్కడ ఉన్నను, పనివాడు ఉన్న ప్రాంతపు మండలికి విచారణాధికారము కలదు. ఏజెన్సీ ఒప్పందములో "వివాదములన్నియు ముంబయిలోనే" అని వ్రాసియుండుట చూచి మండపేట మనిషి అధైర్యపడనక్కరలేదు. తన రాష్ట్రపు మండలిలోనే ఫిర్యాదు చేయవచ్చును.

ఉద్యమ్ నమోదు లేనివానికి కూడ సివిలు కోర్టు దారి ఉన్నది. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, చెల్లింపునకు గడువు పెట్టుకొనని పనికి ప్రతిఫలము కోరు దావా మూడేండ్లలోగా వేయవలెను. ఆ మూడేండ్లు ఎప్పటి నుండి? ఇక్కడను పని చేసిన నాటి నుండియే. పోర్టలులో బిల్లు ఎక్కుననుచు ఏండ్లు గడిపినవాడు ఈ హద్దును దాటిపోవు ప్రమాదము కలదు.

అయితే చట్టము ఉన్నది కదా అని ప్రతి ఆలస్యమునకు ఫిర్యాదు చేయువారు అరుదు. ఫిర్యాదు చేసిన ఏజెన్సీ మరల పని ఇవ్వకపోవచ్చును. ఇది కాదనరాని సత్యము. కనుకనే ఒకే ఏజెన్సీ మీద ఇల్లు గడుపుకొనుట క్షేమము కాదు. రెండు మూడు చోట్ల పని ఉన్నవాడు గడువు విషయములో గట్టిగా మాటలాడగలడు. ఒక ఏజెన్సీ బాకీ ఇంతకు మించరాదని తనకు తాను ఒక హద్దు పెట్టుకొని, ఆ హద్దు చేరినంతనే పాత బిల్లు తీరువరకు క్రొత్త పని పుచ్చుకొనకుండుట ఫిర్యాదు కంటె సులభమైన సాధనము.

వీటన్నింటికిని మూలము పనివాని సొంత పద్దు. పోర్టలు కొనువాని చిట్టా, దానిలో కొనువానికి అవసరమైన తేదీలే ఉండును. పనివాడు తన చిట్టా తాను వ్రాసికొనవలెను. ఒక్కొక్క పనికి ఐదు తేదీలు చాలును: పని ఒప్పుకొన్న తేదీ, పని అప్పగించిన తేదీ, ఆక్షేపణ వచ్చినచో దానిని సవరించిన తేదీ, బిల్లు పంపిన తేదీ, సొమ్ము ముట్టిన తేదీ. ఒక్కొక్క తేదీకి ఒక ఆధారము, ఈ-మెయిల్ గాని, పోర్టలు తెర చిత్రము గాని, బ్యాంకు పద్దు గాని జతపరచవలెను. పని పంపునప్పుడు "ఫలానా ఉత్తర్వు ప్రకారము ఫలానా పని నేడు అప్పగించుచున్నాను, లోపములు ఉన్నచో 15 దినములలో వ్రాతమూలకముగా తెలుపగోరుదును" అని రెండు పంక్తులు వ్రాసిన చాలును. ఆ రెండు పంక్తులే గడువునకు మొదలు.

పోర్టలులు పోవునవి కావు, పోవలసిన అవసరమును లేదు. సక్రమముగా నడచినచో అవి తపాలా ఖర్చును, తిరుగుళ్లను తప్పించి, దూరపు పట్టణపు పనివానిని పెద్ద కంపెనీ వాకిటికి చేర్చుచున్నవి. కాని బిల్లు ఎక్కిన తేదీని పోర్టలు చెప్పును, సొమ్ము బాకీ పడిన తేదీని పని చెప్పును. ఈ భేదము ఎరిగి, రెండవ తేదీని తన పుస్తకములో వ్రాసి ఉంచుకొన్నవాడు ఏజెన్సీతో మాటలాడునప్పుడు ప్రాధేయపడనక్కరలేదు. లెక్క చూపిన చాలును.